బయటి సామాను

గాలి పీల్చుకోవడానికి కూడా బండికి కొత్త ముక్కు పెట్టించాలా, కంపెనీవాళ్లు పెట్టి పంపిన ముక్కు చాలలేదా, భగవంతుడు మనిషికి ఒక్కటే ముక్కు ఇచ్చాడు, దానయ్య పుట్టిన నాటినుంచీ దాంతోనే పీల్చి దాంతోనే వదులుతున్నాడు, రైల్వే వ్యాగన్ షాపు స్టోర్సులో రిటైరయ్యేదాకా అదే ముక్కు, ఎక్కడా పికప్ తగ్గలేదు, అని అతను పళ్లు నూరుకుంటూ ఉండగానే ఎడమ పక్కనుంచి ఒక ఆటో, ఉల్లిపాయ బస్తాల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్న ఆటో, వాళ్ల కారుని దాటుకుని ముందుకి పోయింది, అందులో ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది కూడా, ఇంత పెద్ద కారు ఇంత నెమ్మదిగా ఎందుకు పాకుతోందో అన్నట్టు, చూడు తల్లీ, బాగా చూడు, ఇది మా అబ్బాయి శివాజీ తోలుతున్న రేసు బండి, గుఢియారీ అండర్‌బ్రిడ్జి దిగువనుంచి పైకెక్కడానికి ముసలి గేదెలా రొప్పింది, వెనక నల్లటి పొగ, ఆ పొగలో స్కూటర్లవాళ్లు తిట్టిన తిట్లు, అన్నీ విన్నాడు దానయ్య, కిటికీ అద్దం ఎక్కించుకున్నా విన్నాడు, పక్కన శివాజీ మాత్రం ఏమీ విననట్టు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, దవడ బిగించి, రోడ్డుకేసి చూస్తున్నాడు, ఆ దవడ వాళ్లమ్మది, వరహాలమ్మ కూడా తప్పు చేసినప్పుడల్లా ఇలాగే దవడ బిగించేది, ఒక్క మాట పైకి రాదు, లోపల మాత్రం అంతా తనదే న్యాయం అని ఉంటుంది.

పొద్దున్న ఇంటి గుమ్మంలో మాత్రం నోరు వచ్చింది వాడికి, నాన్నా, సర్వీస్ సెంటర్‌వాళ్లు అడిగితే మీరు ఒక్క ముక్క చెప్పండి, బస్, అంతే, గాడీ స్టాక్ హై అని, బండి మీ పేరుమీద ఉంది కాబట్టి మీ మాటయితే నమ్ముతారు, స్టాకంటే ఏటిరా అన్నాడు దానయ్య, స్టాకంటే కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉందని, బాహర్ కా సామాన్, బయటి సామాను, ఏదీ పెట్టలేదని, లేకపోతే రిపేరు వారంటీలో చెయ్యరు, అలాగే ఉందేటి, ఇప్పుడుంది కదా నాన్నా, ఆదివారం అన్నీ ఇప్పేసి పాతవే బిగించేశాను, అందులో ఝూట్ ఏముంది, అన్నాడు, పైగా నవ్వబోయాడు, ఆ నవ్వు చూసేసరికి దానయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది, ఏమిటి తేడా, దొంగిలించిన చెంబు తిరిగి గూట్లో పెట్టేస్తే దొంగతనం జరగనట్టేనా, ప్రతి పున్నమికీ ఈ హిందీవాళ్ల ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరి ముందూ సత్యనారాయణస్వామి పీట దగ్గర కూర్చునేవాడు దానయ్య, కథ చదివేవాడు దానయ్య, ప్రసాదం పంచేవాడు దానయ్య, సత్యం అనే మాటతోనే పేరు మొదలయ్యే దేవుడికి రవ్వ ప్రసాదం పెట్టిన చేతులతో వెళ్లి, ఒక సైలెన్సర్ కోసం, ఒక గొట్టం కోసం, అబద్ధం చెప్పి రావాలి, నీ డబ్బాల కోసం నా నోరు తాకట్టు పెట్టమంటావేటిరా అని అరిచాడు, ఎదురింటి పైడమ్మ ముగ్గు గిన్నెతో అలాగే నిలబడిపోయింది, వరహాలమ్మ లోపల్నుంచి, సంతలో గేదెని బేరం ఆడినట్టు ఆ అరుపులేటి, ఇంట్లోకొచ్చి అరుసుకోండి అంది, శివాజీ కారెక్కి తలుపు వేసుకున్నాడు, అంతే, ఆ తర్వాత మాట లేదు.

మాట్లాడకపోతే మానె, చెప్పేది చెప్పేస్తాను, దానయ్య నిశ్చయించుకున్నాడు, అండర్‌బ్రిడ్జి దాటేటప్పుడే నిశ్చయించుకున్నాడు, ఆ సర్వీస్ సెంటర్ మనిషి అడగ్గానే, హాఁ భాయ్, లగా థా, పెట్టించాడు, అన్నీ పెట్టించాడు అని కొడుకు ఎదురుగానే చెప్పేస్తాడు, వాడి మొహం ఎర్రబడుతుంది, పడనీ, వారంటీ పోతుంది, పోనీ, అప్పటికైనా తెలుస్తుంది, చెప్పింది వినకపోతే ఏమవుతుందో, ఎన్నిసార్లు అడిగాడు దానయ్య, గట్టిగా కూడా కాదు, మెల్లిగానే అడిగాడు, నాయనా, ఇది పెట్టిస్తే ఏం ఒరుగుతుందిరా అని, బండి ఫ్రీగా ఊపిరి తీస్తుంది నాన్నా, పికప్ పెరుగుతుంది, పెరిగిందని నీకెలా తెలుసురా, ఫీల్ అవుతుంది నాన్నా, కూర్చుంటే తెలుస్తుంది, సరే అని కూర్చున్నాడు ఒకసారి, ఎండాకాలంలో, సిల్తరా దాకా, అక్కడే స్టీలు మిల్లు ఆఫీసులో శివాజీ ఉద్యోగం, తెలిసింది, బాగానే తెలిసింది, చెవులకి తెలిసింది, పొట్టలో పేగులకి తెలిసింది, కానీ ముందు లారీ వెనక లారీ, మధ్యలో వీళ్లు, మునుపు ఎంతసేపట్లో వెళ్లేవాడో అంతసేపట్లోనే వెళ్లాడు, చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు ఉంటుంది, అంతే కదరా అంటే, మీకు అర్థం కాదు నాన్నా అన్నాడు, అదొక్కటే జవాబు నేర్చుకున్నారు ఈకాలపు పిల్లలు, అర్థం కాదు, మరి అర్థమయ్యేలా చెప్పొచ్చు కదా, ఫీలు అట, ఫీలుకి వారంటీ ఎవడిస్తాడు.

ఆ చప్పుడు, రామ రామ, సాయంత్రం సంధ్యాదీపం పెట్టే వేళకి సరిగ్గా సందు మొదట్లో మొదలయ్యేది, డొక్కు పీపాలో రాళ్లు పోసి దొర్లించినట్టు, దీపం ముందు కళ్లు మూసుకుంటే స్వామి రూపం రావాలి, దానయ్యకి సైలెన్సర్ వచ్చేది, పైడమ్మ ఒకరోజు గుమ్మంలోనే పట్టుకుంది, ఓలమ్మ వరహాలూ, మీ వోడి బండొచ్చినాదంటే మా కుక్కరు విజిలు ఇనబడదు, నిన్న పప్పు మాడిపోనాది, ఓ గిన్నెడు పప్పు ఇటియ్యి అని, నవ్వుతూనే అంది, నవ్వుతూ అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది, ఆదివారం సాయంత్రాలు తెలీబంధా చెరువు దగ్గర వీడూ వీడి స్నేహితులూ బండ్లు వరసగా నిలబెట్టి, బానెట్లు ఎత్తి, ఒకడి గొట్టం ఒకడు చూసుకుని మురిసిపోవడం, పెళ్లిళ్లలో ఆడవాళ్లు నగలు చూసుకున్నట్టు, ఒకసారి వాకింగుకి వెళ్లినప్పుడు చూశాడు దానయ్య, చూసి చూడనట్టు వచ్చేశాడు, కొడుకు మాత్రం చూశాడు, అక్కడినుంచే నాన్నా అని చెయ్యి ఊపాడు, ఎందుకో చాలా సంతోషంగా ఊపాడు, సిగ్గులేకుండా.

ఎదురు మాట కూడా నేర్చాడు, అదే మర్చిపోలేకపోతున్నాడు దానయ్య, ఇవన్నీ ఎందుకురా తగిలించావు అంటే, మీరు తగిలించలేదా నాన్నా, ముందు నిమ్మకాయ, మిరపకాయలు, చక్రానికి నల్లతాడు, డ్యాష్‌బోర్డు మీద అప్పన్నస్వామి, వెనకద్దం మీద ఓంకారం, వాటితో ఎంత పికప్ పెరిగింది చెప్పండి, నేను నావి ఇప్పేస్తాను, అన్నాడు, వరహాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికే పెట్టుకుంది, దానయ్యకి తెలుసు, దేవుడిదీ గొట్టాలదీ ఒకటేనా, ఒకటేనా, అడుగు, ఎవరినైనా అడుగు, అయినా ఆ మాట విన్నాక డ్యాష్‌బోర్డు మీద అప్పన్నకి దణ్ణం పెట్టుకోబోయినప్పుడల్లా ఒక్క క్షణం చెయ్యి ఆగుతోంది, అదీ కోపం, ఆ ఒక్క క్షణం ఆగడం వీడివల్లే, ఇప్పుడు కూడా చూడు, ఎండిపోయి నల్లబడిన నిమ్మకాయ బంపరుకింద ఊగుతూనే ఉంటుంది, దసరానాడు కట్టినది, మార్చాలన్న ధ్యాస ఎవరికీ లేదు.

దసరా అంటే గుర్తొచ్చింది, పూజలో లోపం ఏమైనా జరిగిందా అని ఎన్నోసార్లు తనలో తనే వెతుక్కున్నాడు, జరగలేదు, ఆ రోజు తెల్లవారే లేచి స్నానం చేసి, ఇంట్లో ఇనుమన్నది ఏదున్నా వదలకుండా, కత్తిపీట, సుత్తి, పాత స్పానర్లు, వరహాలమ్మ కుట్టుమిషను, అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి, చివరికి కారు దగ్గరికొచ్చి స్టీరింగు కింద పిడి లాగి తనే బానెట్ ఎత్తాడు, వ్యాగన్ షాపులో కూడా అంతే, మిషను పైన బొట్టు పెడితే పూజ కాదు, మూత తీసి లోపల పెట్టాలి, శివాజీ అప్పుడు మేడమీద ఉన్నాడు, బండికి గాలి వడకట్టడానికి బయట కొన్న ఆ టోపీలాంటి ఎర్ర బట్ట ఫిల్టర్ ఏదో ఉతికి పిట్టగోడ మీద ఆరబెట్టుకుంటున్నాడు, ఇంజిన్‌లో ఆ ఫిల్టర్ ఉండాల్సిన చోట గొట్టం బోసిగా, నోరు తెరుచుకుని ఉంది, దాన్ని చూడగానే అమ్మ జ్ఞాపకం వచ్చింది దానయ్యకి, దసరానాడు అమ్మ తిరగలికి బొట్టు పెట్టి, దాని నోట్లో చారెడు గింజలు పోసేది, నోరున్నదానికి మేత పెట్టకుండా పూజేటిరా, అది ఉసూరుమంటాది అనేది, అమ్మ పోయి ఎన్నేళ్లయిందో, ఆ మాట మాత్రం అలాగే చెవిలో ఉంది, అందుకే గొట్టానికి చుట్టూ బొట్లు పెట్టి, కళ్లు మూసుకుని, గుప్పెడు అక్షింతలూ ఒక బంతిపువ్వు రెక్కా దాని నోట్లో వేసి, అమ్మా దుర్గమ్మా, నా బిడ్డ ఈ బండిమీద తిరుగుతున్నాడు, కాపాడు అని దణ్ణం పెట్టుకున్నాడు, కళ్లంట నీళ్లు కూడా వచ్చాయి, అంత భక్తిగా చేసిన పూజ, అంత చేసినా ఆ వారంలోనే ఇంజిన్ ఈలవెయ్యడం మొదలెట్టింది, ఆ పైవారం పొగ, ఆ తర్వాత ఎత్తు ఎక్కనని మొరాయింపు, ఎందుకు, అమ్మవారికి ఆ బయటి సామాను నచ్చలేదు, అంతకన్నా వేరే కారణం ఏముంది, నా పూజని నీ సామాను మింగేసిందిరా అని వాడి మొహం మీదే అన్నాడు మొన్న ఆదివారం.

ఆదివారం కూడా తక్కువ పని చేశాడా వాడు, ఇంటిముందు తుక్కుదుకాణం పరిచి, సైలెన్సర్ ఇప్పి, గొట్టం ఇప్పి, కంపెనీ ఫిల్టర్ ఉండే పాత ప్లాస్టిక్ డబ్బా తెచ్చి బిగించి, మధ్యలో ఒకసారి ఆ గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దానిలోకి చూస్తూ కూర్చున్నాడు, బావిలోకి చూసినట్టు, తర్వాత లేచి, నల్లనూనె చేతులతో, గుప్పిట మూసుకుని తిన్నగా తులసికోట దగ్గరికొచ్చి గుప్పిట్లో ఉన్నదేదో అందులో పడేశాడు, దానయ్య వరండాలోంచి చూసి గావుకేక పెట్టాడు, ఒరేయ్, తులసమ్మంటే చెత్తబుట్టలాగ కనబడతందేట్రా నీకు, సిగ్గు లేదూ అని, తిరిగి చూశాడు శివాజీ, కుళాయి దగ్గరికెళ్లి చేతులు కడుక్కున్నాడు, దేవుడూ లేడు దెయ్యమూ లేదు వీడికి, ఏ కడుపున ఎలాంటివాడు పుడతాడో ఎవరు చెప్పగలరు.

ధర్సీవా రోడ్డు దుమ్ములో సర్వీస్ సెంటర్ వచ్చింది, అద్దాల గదిలో కూర్చోండి బాబూజీ, చల్లగా ఉంటుంది అన్నాడు సూపర్‌వైజరు, సాహూ అని చొక్కా మీద పేరుంది, దానయ్య కూర్చోలేదు, ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట నిలబడినట్టు కారు పక్కనే నిలబడ్డాడు, సాహూ నుదుట చందనం బొట్టు, చేతికి ఎర్రదారం, మంచి మనిషిలాగే ఉన్నాడు, ఇలాంటివాడి ముందు అబద్ధం చెప్పమంటాడు నా కొడుకు, చెప్తాను చూడు, నువ్వు అడగడమే ఆలస్యం, నాలిక చివర మాట సిద్ధంగా ఉంది, మెకానిక్ బానెట్ ఎత్తాడు, ప్లాస్టిక్ డబ్బా ఇప్పాడు, రబ్బరు గొట్టం లాగాడు, లోపల చిన్న పంకా ఒకటి కనిపించింది, ఇంజిన్‌లోకి గాలి తోసే పంకా అట, అదే టర్బో అట, దాని రెక్కల అంచులన్నీ ఎలుక కొరికిన కొబ్బరిచిప్పలా ఉన్నాయి, మెకానిక్ చిన్నగా ఈల వేసి, గొట్టం వంపులోకి వేలు పెట్టి, తెల్ల గుడ్డమీద తుడిచాడు, నూనె ముద్ద, అందులో ఏవో గింజలు, పసుపుపచ్చవి, సాహూ వంగి చూశాడు, యే క్యా హై, చావల్?

ఎలుకలు తెచ్చి పెట్టుంటాయి భాయ్‌సాబ్, చూహే బహుత్ హైఁ మా ఇంట్లో, అన్నాడు శివాజీ చటుక్కున, చూశావా, అబద్ధం నాలిక చివరే పెట్టుకుని తిరుగుతాడు, అనుకున్నాడు దానయ్య, సాహూ ఆ గింజ ఒకటి వేలితో నలిపి, చూహే హల్దీ లగాకే ఖాతే హైఁ క్యా, మీ ఇంటి ఎలుకలు పసుపు రాసి, పూజ చేసుకుని మరీ తింటాయా భయ్యా అన్నాడు, మెకానిక్ పకపకా నవ్వాడు, ఇంత చుట్టుకుపోయిన బంతిరెక్క ఒకటి కూడా తీసి చూపించాడు, యే దేఖో, పువ్వు కూడా పెట్టాయి, దానయ్యకి కూడా నవ్వు వచ్చింది, ఒక్క క్షణమే, తర్వాత ఆ పసుపు రంగు మీద అతని చూపు ఆగిపోయింది, ఎక్కడో చూసిన పసుపు, సాహూ నవ్వు ఆపి, ఈసారి దానయ్య వైపే తిరిగాడు, బాబూజీ, కంపెనీ డబ్బాలోంచి బియ్యం లోపలికి పోదు, గాడీ ఆప్‌కే నామ్ పే హై, మీరే చెప్పండి, బాహర్ కా సామాన్ లగా థా క్యా, ఆ అడగవలసిన ప్రశ్న అడగనే అడిగాడు, దానయ్య నోరు తెరిచి ఆ గింజలకేసి చూశాడు, పితాజీ సే మత్ పూఛియే, నాన్నని అడక్కండి, శివాజీ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు, తండ్రికీ ఆ మనిషికీ మధ్య, ఆయనకేమీ తెలీదు, బయటి ఫిల్టర్ నేనే పెట్టించాను, దసరానాడు అది ఇప్పి పూజ చేసింది నేనే, చావల్ మైనే డాలా, బియ్యం వేసింది నేనే, తప్పు నాదే, వారంటీ క్లెయిమ్ కొట్టేయండి.

వీడు పూజ చేశాడా, వీడా, అక్షింతలు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియనివాడు, మేడమీద పిట్టగోడ దగ్గర ఉన్నవాడు, ఆ రోజు బానెట్ కింద ఉన్నది ఎవరు, కళ్లు మూసుకున్నది ఎవరు, గుప్పెడు, చిటికెడు కూడా కాదు, గుప్పెడు, నోరున్నదానికి మేత పెట్టాలని, ఆ మేత నమిలి నమిలి రెక్కలు విరగ్గొట్టుకుంది ఆ పంకా, ఈల వేసింది, పొగ కక్కింది, వాడి సామానే తప్పు, అవును, ఆ గొట్టం అలా నోరు తెరుచుకుని ఉండాల్సింది కాదు, వాడిదీ తప్పే, కానీ ఆ నోట్లో చెయ్యి పెట్టింది తను, వీడికి ఎప్పుడు తెలిసింది, ఈ క్షణంలో తెలిసిందా, కాదు, ఆదివారమే, గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని బావిలోకి చూసినట్టు చూశాడే, అప్పుడే, చూసి ఒక్కసారైనా, నాన్నా ఇది మీ పనే అని, పొద్దున్న గుమ్మంలో అన్ని మాటలన్నా, నా పూజని నీ సామాను మింగేసిందని అన్నా, ఒక్క మాట చాలు కదా నా నోరు ముయ్యడానికి, ఆ ఒక్క మాట దవడకింద బిగించి పెట్టుకుని ఆటోలు దాటిపోతున్నా తల తిప్పకుండా ఇంతదూరం తోలుకొచ్చాడే, అబద్ధం చెప్పమని అడిగాడు, అది తప్పే, ఆ అబద్ధం కింద మాత్రం తండ్రిని దాచిపెట్టాడు, మెకానిక్ గుడ్డని దులపడానికి చెత్తడ్రమ్ము వైపు తిరుగుతున్నాడు, అక్షింతలు కాలికింద పడకూడదు, తొక్కే చోట పడకూడదు, పచ్చటి చెట్టు మొదట్లో వెయ్యాలి, శివాజీ వాళ్ల నాన్నమ్మ చెప్పేది, వీడు అప్పుడు చిన్నపిల్లాడు, వింటున్నాడని ఎవరూ అనుకోలేదు, దానయ్య రెండు చేతులూ దోసిలి పట్టి మెకానిక్ ముందుకి చాపాడు, ఇధర్ దే దో బేటా, అవి నావి, చావల్ మైనే డాలా థా సాహూజీ, మావాడు కాదు, అంటున్నాడు, శివాజీ నాన్నా వద్దు అంటున్నాడు, దోసిట్లో నూనె జిడ్డుతో అయిదారు పసుపు గింజలు పడ్డాయి, ఆదివారం ఆ నల్లటి గుప్పిట్లో ఉన్నవీ ఇవే, తులసికోటలో వాడు వేసింది చెత్త కాదు.